అమ్మగారి ఇంజను, అంకమ్మ కల్లం

మా చిన్న లైను మీద కొత్తగా పనిలో చేరిన పిల్లలు మొన్న మా ఇంటికి వచ్చారు. "మీ అనుభవాలు రాసిపెట్టండి బాబాయ్, మాకు పనికొస్తాయి" అన్నారు. పొయ్యి ఎలా వెలిగించాలో, ఏ బేరింగుకి ఎప్పుడు నూనె పోయాలో షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. అది చదువుకుంటే చాలు. గోడ మీద రాయనివి కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ చెబుతాను. నేనెప్పుడు ఏ గ్రేడుకి వెళ్ళానో, నాకు ఎవరు ఎన్ని శాలువాలు కప్పారో మీకక్కర్లేదు. శాలువాల సంగతి మాత్రం ఒకచోట వస్తుంది, అదీ వేరే పని మీద.

కోడి పొదిగిన చోట మొదలైన పని

నా పేరు దస్తగిరి. గుంటూరు చుట్టుపక్కల మీటర్ గేజ్ లైన్ల మీద ఆవిరి ఇంజన్లు నడిపాను. తొంభైల్లో ఆ లైన్లని వెడల్పు చేశారు. ఆవిరి ఇంజన్లు తుక్కు కింద పోయాయి. నన్ను డీజిల్ మీదికి పంపుదామనుకున్నారు గానీ కళ్ళ పరీక్షలో డాక్టరు చూపించిన అక్షరాలకి బదులు నాకు తోచిన అక్షరాలు చదివానట. తీసుకెళ్ళి స్టోర్లో కూర్చోబెట్టారు. నట్ల మధ్య, బోల్టుల మధ్య కూర్చోవడం నా వల్ల కాలేదు. ముందుగానే ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాను.

అప్పుడు కబురు పెట్టింది ప్రసాద్‌బాబు. ప్రత్తిపాడుకి దిగువన వాళ్ళకి పత్తి జిన్నింగు మిల్లు ఉంది. ఆ మిల్లు నించి క్వారీ కొండ దాకా, ఒకప్పుడు రాయి తోలడానికి వేసిన రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు ఉన్నాయి. మామూలు రైలు పట్టాల పక్కన పెడితే పిల్లలాటలా ఉంటాయి. క్వారీ మూతపడ్డాక ఇంజనుని మిల్లు వెనక రేకుల షెడ్డులో పెట్టి మర్చిపోయారు. ప్రసాద్‌బాబు ఎక్కడో కొండల్లో పొగబండి ఎక్కి వచ్చి, మన ఇంజనుని కూడా నడిపి జనాన్ని ఎక్కిద్దామనే పట్టుదలతో ఉన్నాడు.

షెడ్డు తలుపు తీసి నేనూ కోటయ్యా లోపలికి వెళ్ళాం. కోటయ్య నా ఫైర్‌మన్, అంటే పొయ్యిలో బొగ్గు వేసే మనిషి. అంతకు ముందు ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు చూసేవాడు. నిప్పు దగ్గర పనితనం చాలా ఉంది, నోటి దగ్గర అదుపు లేదు. ఇంజను పొయ్యి తలుపు తీసి లోపలికి టార్చి వేసి, "అన్నా, దీంట్లో ఎవరో ఉన్నారు" అన్నాడు.

లోపల కోడి పొదుగుతోంది.

కోడి ప్రసాద్‌బాబు వాళ్ళ అమ్మ రాజ్యలక్ష్మమ్మగారిది. ఆవిడకి కబురు వెళ్ళింది. ఆవిడ వచ్చి వంగి చూసి, "పిల్లలయ్యేదాకా ఎవ్వరూ ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ లైను మీద మొట్టమొదటి ఆలస్యం అదే. పిల్లలు గుడ్లు పగిలి బయటికి నడిచి వచ్చేదాకా మేం ఇంజను చక్రాలు మాత్రం తుడుచుకుంటూ కూర్చున్నాం.

తర్వాత గొట్టాలు మార్చాం, బాయిలరుకి పరీక్ష చేయించాం, రంగు వేశాం. రంగు ఆరాక ప్రసాద్‌బాబు ఇత్తడి పలక చేయించి తెచ్చాడు. దాని మీద "రాజ్యలక్ష్మి" అని వాళ్ళమ్మ పేరు చెక్కి ఉంది. ఆవిడంటే ఆయనకి ప్రాణం. బాగానే ఉంది. కానీ ఇంజనుతో పనిచేసేవాళ్ళకి దాన్ని తిట్టుకునే హక్కు ఉండాలి. యజమాని తల్లి పేరు పెట్టిన ఇంజనుని ఎలా తిడతాం? పేరు పెట్టి పిలవడానికి కూడా మొహమాటపడి "అమ్మగారు" అనడం మొదలుపెట్టాం. దాంతో చిక్కు ఇంకా పెరిగింది.

ఒకరోజు రాజ్యలక్ష్మమ్మగారు షెడ్డు బయట నిలబడి ఉండగా లోపలి నించి కోటయ్య గట్టిగా అన్నాడు: "అన్నా, అమ్మగారికి పొట్ట నిండా బూడిదే. కింద నించి పొడిస్తే గాని ఇవాళ లేవదు."

ఆవిడ లోపలికి వచ్చింది. కోటయ్య చేతిలో పొడుగాటి ఇనపకడ్డీ ఉంది. వాడు దాన్ని వెనక్కి దాచుకోబోయాడు గానీ దాగేది కాదు.

"నన్నేనా?" అందావిడ.

"కాదమ్మగారూ, అమ్మగారిని" అన్నాడు కోటయ్య.

ఆవిడ వాడి వెనకున్న కడ్డీ వంక చూసి, "పొడువు నాయనా, లేవకపోతే ఎట్టా" అని వెళ్ళిపోయింది. ఆ క్షణం నించీ ఆవిడంటే నాకు గౌరవం.

నీళ్ళ గాజు

నాకు పని నేర్పింది జోసెఫ్‌గారని మీటర్ గేజ్ డ్రైవరు. నేను ఆయన దగ్గర ఫైర్‌మన్‌గా చేరినప్పుడు ఆయన రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక్కటే మాట ఎప్పుడూ అనేవాడు: "స్టేషన్ మాస్టరు అరుస్తాడు, గార్డు అరుస్తాడు, అధికారి అరుస్తాడు. అరిచేవాడి మొహం చూసే ముందు గాజు చూడు."

గాజంటే బాయిలరులో నీళ్ళు ఎంత ఉన్నాయో చూపించే గాజుగొట్టం. నీళ్ళు తగ్గి పొయ్యి కప్పు బయటపడితే బాయిలరు పేలుతుంది. అంతకన్నా పెద్ద అధికారి ఇంజను మీద ఎవరూ లేరని ఆయన భావం. ఆయనలో లోపాలూ ఉన్నాయి. టీ తాగడానికి బండిని ఎక్కడ పడితే అక్కడ ఆపేవాడు. అది నేర్చుకోకండి.

పత్తికట్టె

ప్రసాద్‌బాబు మంచివాడు. ఇంజనుని ప్రేమించే యజమాని దొరకడం అదృష్టం. కాకపోతే ఇంజనుని ప్రేమించేవాడు దాన్ని ఫోటోల్లో చూసి ప్రేమిస్తాడు. ఆయనకి పొగ కావాలి, నల్లగా దట్టంగా కావాలి. కూత పొడుగ్గా ఉండాలి. పొగ నల్లగా వస్తోందంటే నిప్పు సరిగా మండట్లేదని అర్థం బాబూ అంటే, "మండకపోయినా ఫరవాలేదు దస్తగిరీ, కనపడాలి" అనేవాడు.

ప్రారంభోత్సవానికి రోజు పెట్టుకున్నాం. ముఖ్య అతిథిగా ఒక మంత్రిగారు వస్తున్నారు. అప్పటికి రావాల్సిన బొగ్గు లారీ రాలేదు. ప్రసాద్‌బాబు ఒక పూట ఆలోచించి షెడ్డుకి వచ్చాడు.

"మన చుట్టూ ఏముంది?" అని అడిగాడు.

"పత్తి" అన్నాడు కోటయ్య.

"పత్తి తీసేశాక ఏం మిగులుతుంది?"

"అప్పులు."

"కాదయ్యా, పత్తికట్టె. పొలాల్లో ఊరికే తగలబెడుతున్నారు. మన ఊరి ఇంజను, మన ఊరి కట్టె. ఉపన్యాసంలో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది."

షెడ్డులో వేసి చూశాం. బ్రహ్మాండంగా మండింది. ఆవిరి చకచకా లేచింది. నేను కూడా తల ఊపాను. షెడ్డులో నిలబెట్టి చూడటం వేరు, ఎత్తు మీద బండి లాగుతూ చూడటం వేరు. లాగేటప్పుడు ఇంజను పొగగొట్టం లోంచి గట్టిగా ఊదుతుంది. ఆ ఊపుకి పొయ్యిలో తేలిగ్గా ఉన్నదంతా పైకి లేచి బయటపడుతుంది. పత్తికట్టె కన్నా తేలికైనది పొయ్యిలో ఇంకేదీ ఉండదు.

అంకమ్మ

క్వారీకి వెళ్ళే దారిలో ఒక వంపు ఉంది. అక్కడి నించే ఎత్తు మొదలవుతుంది. పట్టాల పక్కన నేల గట్టిగా, మెరకగా ఉంటుంది. అక్కడ మిరపకాయలు ఎండబోసుకునేది అంకమ్మ. పక్కన పొలం కౌలుకి చేసేది. భర్త పోయాక కూలివాళ్ళని పెట్టుకుని తనే సేద్యం నడుపుకుంటోంది. మేం మొదటిసారి ఇంజనుని అటు తీసుకెళ్ళేసరికి ఆ కల్లం పట్టాల మీదికి కూడా వచ్చేసింది. ముందంతా ఎర్రగా ఉంది, పట్టాలు కనపడటం లేదు. బండి ఆపి దిగాను.

"అమ్మా, బండి వెళ్ళాలి. కాయలు కొంచెం పక్కకి తీసుకోండి."

"ఏం బండి?"

"ఇదే, ఈ రైలు."

ఆవిడ ఇంజనుని చక్రం నించి పొగగొట్టం దాకా చూసింది. "ఇది నడుస్తదా?"

"నడిచే కదమ్మా ఇక్కడి దాకా వచ్చింది."

"ఇంక వచ్చింది చాల్లే. కాయలు ఎండినాక కొండ చూద్దువుగానిలే."

కోటయ్య దిగొచ్చి బతిమాలాడు, నేను బతిమాలాను. చివరికి నేనూ కోటయ్యా కూడా పారలు పట్టి కాయల్ని పక్కకి నెట్టాక ఒప్పుకుంది. ఒప్పుకుందంటే, పట్టాల మీద లేకుండా పక్కనే పోసుకుంది. ఆవిడకి వేరే జాగా లేదు మరి.

చప్పట్లు

ప్రారంభోత్సవం రోజున మామిడాకులు కట్టారు, సన్నాయి పెట్టారు. రెండు పెట్టెలు, వెనక ఒక వ్యాగను. ముందు పెట్టెలో మంత్రిగారు, రాజ్యలక్ష్మమ్మగారు, పెద్దలు. ప్రసాద్‌బాబు మాతో పాటు ఇంజను మీద నిలబడ్డాడు.

వంపు దగ్గరికి వచ్చేదాకా అంతా సవ్యంగా జరిగింది. ఎత్తు మొదలవగానే, ఆవిరిని చక్రాలకి వదిలే రెగ్యులేటరు తెరిచాను. ఇంజను గట్టిగా ఊదింది. పొగగొట్టం లోంచి నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా లేచాయి.

వెనక పెట్టెలోంచి చప్పట్లు వినిపించాయి. ప్రసాద్‌బాబు ప్రత్యేకంగా ఏర్పాటు చేయించాడని అందరూ అనుకున్నారు. మంత్రిగారైతే తల బయటికి పెట్టి, "సాయంత్రం పెట్టుకోవాల్సిందయ్యా, చీకట్లో ఇంకా బాగుండేది" అన్నారట.

నేను వెంటనే రెగ్యులేటరు మూశాను గానీ రవ్వలు పడాల్సిన చోట పడిపోయాయి. ఎండిన మిరపకాయ రాజుకుంటే మంట కన్నా ముందు ఘాటు వస్తుంది. ఇంట్లో పోపులో ఒక్క కాయ మాడితేనే వీధిలోవాళ్ళు దగ్గుతారు. ఇక్కడ కల్లానికి కల్లమే. సన్నాయి ముందు ఆగిపోయింది. తర్వాత చప్పట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత రైలంతా ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టింది.

"ఆపొద్దు దస్తగిరీ, లాగించు, పొగలోంచి బయటపడదాం" అని ప్రసాద్‌బాబు నా భుజం పట్టుకుని ఊపుతున్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. అంకమ్మ గోనెపట్టా తీసుకుని మంటని బాదుతోంది. కూలివాళ్ళు కళ్ళు మూసుకుని అటూ ఇటూ పరుగెడుతున్నారు. ఊరు దూరం, బావి ఇంకా దూరం. ఆ చుట్టుపక్కల నీళ్ళున్నది నా ఇంజను తొట్లలోనే. బొగ్గు మీద దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుకునే రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, మీరు చూసే ఉంటారు. అది పొట్టిది. మంటకి అందాలంటే ఇంజను సరిగ్గా కల్లం పక్కనే నిలబడాలి. అలా నిలబెడితే వెనక పెట్టెలు రెండూ సరిగ్గా పొగ మధ్యలో ఉంటాయి.

బండిని వెనక్కి నడిపి అక్కడే ఆపాను.

"ఏం చేస్తన్నావు? మంత్రిగారున్నారు" అన్నాడు ప్రసాద్‌బాబు.

"ఉండనీయండి బాబూ, ఆయనకి కాళ్ళున్నాయి. దిగొచ్చు" అన్నాను. మామూలప్పుడైతే ఆ మాట నా నోట వచ్చేది కాదు. ఘాటు అలాంటిది.

కోటయ్య గొట్టం పట్టుకున్నాడు. ముందు పెట్టెలోంచి అందరికన్నా ముందు దిగింది రాజ్యలక్ష్మమ్మగారు. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "దగ్గింది చాలు, దిగి కాయలు లాగండి" అంది. ఆవిడ దిగాక మగవాళ్ళు కూర్చోలేకపోయారు. పెద్దమనుషులు ఇస్త్రీ చొక్కాలతో మిరపకాయల్ని రెండు చేతులా దూరంగా లాగడం మొదలుపెట్టారు. సన్మానానికి తెచ్చిన శాలువాల కట్ట విప్పి, తడిపి మంట మీద బాదారు. నేను శాలువాల సంగతి వస్తుందన్నది ఇదే. మంత్రిగారు కూడా ఒక శాలువా తీసుకున్నారు. ఏదో చెబుదామని నోరు తెరిచారు, దగ్గొచ్చింది. మళ్ళీ తెరిచారు, మళ్ళీ దగ్గే. ఆ రోజు ఉపన్యాసం అంతవరకే జరిగింది.

మంట తగ్గుతోంది. జోసెఫ్‌గారి మాట అప్పుడు పనికొచ్చింది. ఎదురుగా ప్రసాద్‌బాబు అరుస్తున్నా నేను గాజు చూశాను. నీళ్ళు అడుగుకి దిగాయి. తొట్లలో కూడా ఏమీ లేదు. మిగిలిన ఆవిరితో బండిని బోడినేల మీదికి జరిపి, పొయ్యిలో నిప్పంతా కిందికి లాగేశాం. ఇంజను చల్లబడిపోయింది. ఇంక కదలదు.

అతిథులందరూ పత్తిచేలకి అడ్డంపడి నడుచుకుంటూ మిల్లుకి తిరిగొచ్చారు. ఎర్రటి కళ్ళు, కారుతున్న ముక్కులు, మాసిన బట్టలు. ఎదురుపడిన ఒక ముసలాయన పక్కకి తప్పుకుని, తలగుడ్డ తీసి, "ఎవురు బాబూ పోయింది?" అని అడిగాడట. దానికి అందరూ కలిసి దగ్గారట.

ప్రసాద్‌బాబు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మంత్రిగారు మాత్రం వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు. ఏమన్నారో అర్థం కాలేదు, గొంతు పోయింది. అందుకని ఆయన మెచ్చుకున్నారో తిట్టారో ఇప్పటికీ నాకు తెలియదు. బండి ఆపడం సరైన పనా అని మీలో ఎవరైనా అడిగితే, సరైన పనే అంటాను. బండిలో ఉన్నవాళ్ళకి పోయింది ఆ ఒక్క రోజు. కల్లంలో ఉన్నది ఆవిడ ఏడాది కష్టం.

పట్టాల మీద మంచం

మంట ఆర్పిన నీళ్ళు పడి మిగిలిన కాయల్లోనూ చాలావరకు రంగు పోయింది. మర్నాడు అంకమ్మ నులకమంచం తెచ్చి పట్టాల మీద అడ్డంగా వేసుకుని కూర్చుంది. ప్రసాద్‌బాబు వెళ్ళి నష్టం కట్టిస్తానన్నాడు.

"కాయకి కట్టిస్తావు. రేపు పడే రవ్వకి ఏం కట్టిస్తావు?" అంది.

"ఇంక పడదమ్మా. నా మాట నమ్ము."

"నీ మాటకి ఒక జాలీ ఉందా, పడకండా ఆపటానికి? చూపించు. చూపించిందాకా బండి రాదు."

మిగిలిన కల్లాలవాళ్ళూ ఆవిడతో కలిశారు. ఆ చుట్టుపక్కల ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. అంటుకోనిది అక్కడ రాయి ఒక్కటే. ప్రసాద్‌బాబుకి ఊరి పెద్దల్ని పంపి ఆవిణ్ణి లేపించమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. రాజ్యలక్ష్మమ్మగారు వినలేదు. "మంచం మీద కూర్చున్నామెని లేపి నా పేరు మీద బండి తోలతారా?" అందట.

ప్రసాద్‌బాబు దిగులుపడి, ఇంజనుని మిల్లు గేటు ముందు దిమ్మ కట్టి నిలబెట్టేస్తానన్నాడు. దానికి చుట్టూ కంచె, లోపల పూలమొక్కలు. ఆ మాట విన్న రాత్రి కోటయ్య అన్నం తినలేదని వాళ్ళావిడ చెప్పింది. దిమ్మ మీద ఇంజనుకి డ్రైవరు ఉండడు, ఫైర్‌మన్ ఉండడు. కోడి మాత్రం ఉండొచ్చు.

జల్లెడ

రవ్వలు ఆపాలంటే పొగగొట్టం కిందుండే పెట్టెలో జాలీ బిగించాలి. వినడానికి తేలిక. జాలీ సన్నగా ఉంటే రవ్వలతో పాటు పొగ కూడా ఆగిపోతుంది. పొగ బయటికి పోకపోతే పొయ్యి మండదు.

మొదట దోమల జాలీ పెట్టాం. పొగకి దారిలేక నిప్పు పొయ్యి తలుపు లోంచి వెనక్కి కొట్టింది. కోటయ్య కనుబొమలు పోయాయి. బండి మిల్లు గేటు దాటకుండానే ఆయాసపడి నిలబడిపోయింది. రాజ్యలక్ష్మమ్మగారు చూసి, "దానికి జలుబు చేసినట్టుంది, ఆవిరి పట్టించండి" అంది. అది ఆవిరి ఇంజనే అమ్మగారూ అని కోటయ్య అనబోతే నేను కాలు తొక్కాను.

తర్వాత కోళ్ళగూడు జాలీ పెట్టాం. బండి హాయిగా నడిచింది. రవ్వలూ హాయిగా వచ్చాయి.

ఈ మధ్యలో ఒకరోజు ప్రసాద్‌బాబు ఇడ్లీల పొట్లంతో షెడ్డులోకి వచ్చాడు. పొట్లం ఇంజను మెట్టు మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, "స్పానర్ ఏది?" అన్నాడు. మా మధ్య రాజీ అంతే. ఇడ్లీలు తిన్నాక ముగ్గురం కలిసి జాలీ విప్పాం. నిజం చెప్పాలంటే ఆయనకి స్పానర్ పట్టుకోవడం రాదు. అయినా రోజూ వచ్చాడు. యజమానుల్లో నేను చూసినంతవరకు అది అరుదు.

చివరికి పప్పు మిల్లులో వాడే జల్లెడ రేకు కుదిరింది. దాన్ని నిటారుగా కాకుండా ఏటవాలుగా బిగిస్తే రవ్వ తగిలి కిందికి పడుతోంది, పొగ పైకి పోతోంది. అప్పటికి బొగ్గు లారీ కూడా వచ్చింది. పత్తికట్టె మోపులన్నీ మిల్లు పనివాళ్ళ ఇళ్ళ పొయ్యిల్లోకి వెళ్ళాయి.

దూది పరీక్ష

అంకమ్మకి కబురు పెట్టాం. బండి వచ్చి చూపిస్తే మంచం తీస్తానంది. ఎలా చూపించాలో కూడా తనే చెప్పింది. ఇంజను వెనకే వ్యాగను కట్టమంది. అందులో దూది పరవమంది.

"మా మిల్లు దూది ఇస్తాను" అన్నాడు ప్రసాద్‌బాబు.

"మీ దూదిలో తడి ఉంటది" అంది. ప్రసాద్‌బాబు మొహం చూడాల్సిందే. ఆ చుట్టుపక్కల పత్తి రైతులందరికీ ఆయన చెప్పే మాటే అది.

తన ఇంట్లో ఎండలో ఆరబెట్టిన దూది మూటలు తెచ్చి వ్యాగను నిండా పరిచింది. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఎండిన దూదికి ఒక్క రవ్వ తగిలితే ఏమవుతుందో నేను చిన్నప్పుడే చూశాను. అది చాలదన్నట్టు అంకమ్మ వ్యాగను ఎక్కి ఆ దూది మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"దిగండమ్మా. దూది ఒక్కటి చాలు పరీక్షకి. ఏదైనా అయితే మీ చీరకి అంటుకుంటుంది" అన్నాను.

"అందుకే కూర్చున్నా. నేను కూర్చుంటే నువ్వు జాగర్తగా తోలతావు."

అంతలో రాజ్యలక్ష్మమ్మగారు వచ్చింది. వచ్చి వ్యాగను పక్క నిచ్చెన వేయించుకుంది.

"అమ్మా, నువ్వెందుకు?" అన్నాడు ప్రసాద్‌బాబు.

"ఆమె ఎందుకో నేనూ అందుకే" అని ఎక్కి, అంకమ్మ పక్కన దూది సర్దుకుని కూర్చుంది. ప్రసాద్‌బాబు రెండు బకెట్ల నీళ్ళు పట్టుకుని వ్యాగను చివర మెట్టు మీద నిలబడ్డాడు. బండి కదిలిన కుదుపుకే ఆ నీళ్ళు సగం ఆయన మీదే పడ్డాయి.

వంపు వచ్చింది. కల్లాలవాళ్ళంతా పట్టాలకి అటూ ఇటూ గోనెపట్టాలు తడిపి పట్టుకుని నిలబడ్డారు. ఎత్తు ఎక్కుతుండగా చక్రాలు జారాయి. జారినప్పుడు డ్రైవరు చెయ్యి తనంతట తనే రెగ్యులేటరు ఇంకా తెరవాలని చూస్తుంది. తెరిస్తే ఇంజను గట్టిగా ఊదుతుంది. ఊదితే జల్లెడ ఎంత ఆపుతుందో ఎవరికి తెలుసు? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బండి నిలబడిపోయింది. పక్కన జనంలో ఎవరో నవ్వారు.

"ఏంది, అయిపోయిందా?" అని వ్యాగనులోంచి అంకమ్మ.

"ఊపిరి తీసుకుంటోందమ్మా" అన్నాడు కోటయ్య. జీవితంలో వాడు సమయానికి అన్న మాట అదొక్కటే.

బండిని మెల్లగా వెనక్కి జారనిచ్చి, చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసక పోయించి, మళ్ళీ ఎక్కించాను. కోటయ్య పొయ్యిలో నిప్పు పల్చగా పరిచాడు, గుప్పెడు గుప్పెడుగా బొగ్గు వేశాడు. మేమిద్దరం ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు. ఇంజను నడిచి వెళ్ళే మనిషి కన్నా నెమ్మదిగా ఎక్కింది. క్వారీ కొండ దగ్గర ఆగాక కూడా కాసేపు నేను కిందికి దిగలేదు.

దిగి చూస్తే వ్యాగనులో ఇద్దరూ మసిలో ముంచి తీసినట్టున్నారు. పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. అంకమ్మ దూదిని చేత్తో విడదీసి, పాయ పాయా తిప్పి, వాసన చూసింది. చాలాసేపు చూసింది. కల్లాలవాళ్ళు కొందరు వెనకే నడిచి వచ్చి చుట్టూ మూగారు.

"నల్లబడ్డది. కాల్లేదు" అంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కిందటిసారి కొట్టి ఏమయిందో అందరికీ గుర్తుంది.

ఆవిడ అక్కడే నిలబడి మూడు షరతులు పెట్టింది. కాయలు కల్లంలో ఉన్నన్ని రోజులూ ఆ వంపు దగ్గర బండి ఆగాలి. అక్కడున్న మనిషి చెయ్యి ఊపితేనే కదలాలి. జల్లెడ తీసి చూపించమంటే చూపించాలి. ప్రసాద్‌బాబు తడిసిన ప్యాంటుతో నిలబడి అన్నిటికీ సరేనన్నాడు. ఆ షరతులే ఇప్పుడు మీ షెడ్డు గోడ మీద రూళ్ళుగా ఉన్నాయి. ఏ ఇంజనీరో రాశాడని మీరనుకుంటారు, అందుకని చెబుతున్నాను.

"సరే, ఇంక మీరు పెట్టెలో కూర్చోండమ్మా, దిగుడే కదా" అన్నాను.

"ఎక్కేటప్పుడు అందరూ భయంగా ఉంటారు. దిగేటప్పుడే ఆదమరిచేది" అని అంకమ్మ మళ్ళీ వ్యాగను ఎక్కింది. రాజ్యలక్ష్మమ్మగారూ ఎక్కింది.

దిగుడులో ఇంజనుకి పని ఉండదు. బ్రేకు మీద చెయ్యి వేసుకుని నిలబడితే చాలు. వంపు దాటాక కోటయ్య వెనక్కి తొంగి చూసి నా చొక్కా లాగాడు.

"అన్నా, కూత వేయబాక."

"ఏమైంది?"

"నిద్రపోతన్నారు."

తిరిగి చూశాను. దూది మెత్తన, బండి ఊపు, పొద్దుటి నించీ ఎండ. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, మసి మొహాలతో, నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు.

మిల్లు గేటు దగ్గర తప్పకుండా కూత వేయాలని రూలు. ఆ రోజు వేయలేదు. కోటయ్య ముందుగా దిగి పరిగెత్తి, గేటు దగ్గర మనుషుల్ని చేతులతో పక్కకి తప్పించాడు. బండి ఆగినా వాళ్ళు లేవలేదు. మేం నిప్పు దించి, బూడిద తీసి, చేతులు కడుక్కుని తిరిగొచ్చేసరికి, ప్రసాద్‌బాబు ఎవరి దగ్గరో గొడుగు అడిగి తెచ్చి, ఆ ఇద్దరి మీదా నీడ పడేలా పట్టుకుని వ్యాగను పక్కన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, మాట్లాడొద్దని వేలు నోటి మీద పెట్టుకున్నాడు.